సరంగు లేని పడవ

గోదావరిపై లాంచీలో ప్రయాణము చేసినవారికి సరంగును గూర్చి వేరుగా చెప్పనక్కరలేదు. నీటి రంగును చూచి లోతును గ్రహించుట, ఎదురుగా కొట్టుకొని వచ్చు దుంగను దూరమునుండియే కనిపెట్టుట, గాలి తిరిగినపుడు చుక్కానిని ఏ మేరకు త్రిప్పవలెనో ఎరిగియుండుట, రేవు సమీపించగనే వేగము తగ్గించుట, ఇవన్నియు అతని పనులు. అట్టి సరంగు లేకుండనే ఒక పడవ బయలుదేరి, నీటిపై తేలుచున్న చెత్తను ఏరుకొని, తనంతట తానే ఒడ్డునకు తిరిగి రావలెనన్నచో దాని నిర్మాణమునందు ఏయే చిక్కులు కలుగును? ఇంజనీర్లు వానిని ఎంతవరకు విడదీయగలిగిరి? ఈ సంగతులను నేడు ముచ్చటించుకొందము.

ఈ ఊహ కొత్తది కాదు. దీనికి రేడియోతో చుట్టరికము కూడ కలదు. 1898వ సంవత్సరమున నికోలా టెస్లా న్యూయార్కులోని మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో జరిగిన విద్యుత్ ప్రదర్శనమునందు ఒక చిన్న పడవను నీటిలో విడిచి, దానిని చేతితో తాకకుండ, తీగలేవియు లేకుండ, రేడియో తరంగములతోనే ఇటునటు నడిపి చూపెను. ప్రసంగములను మీ ఇంటికి చేర్చు తరంగములకును, ఆనాడు ఆ పడవను నడిపిన తరంగములకును జాతి ఒక్కటియే. అయితే ఆ పడవకు సరంగు లేడనుటకు వీలులేదు. అతడు పడవలో కూర్చుండుటకు మారుగా గట్టుమీద నిలిచెను. పడవ తన దారిని తానే చూచుకొనుటకు మరికొంత కాలము పట్టెను.

పడవను తిన్నగా నడుపుట చూపునకు సులభముగానే యుండును. పడవ కుడికి మళ్ళినచో చుక్కానితో ఎడమకు త్రిప్పుట, ఎడమకు మళ్ళినచో కుడికి త్రిప్పుట, అంతియే కదా యని తోచును. కాని అంతమాత్రమే చేయు యంత్రము పడవను పామువలె మెలికలు తిరుగునట్లు నడపును. రష్యాలో జన్మించి అమెరికాలో పనిచేసిన నికొలాస్ మినోర్‌స్కీ అను ఇంజనీరు 1922వ సంవత్సరమున ప్రకటించిన వ్యాసములో, నేర్పరియైన కర్ణధారుని పనిని గణితసూత్రముగా మార్చి చూపెను. ఆ సూత్రములో మూడు భాగములు కలవు. పడవ ఇప్పుడు దారినుండి ఎంత తప్పినది అనునది మొదటిది. ఆ తప్పుట ఎంత వేగముగా పెరుగుచున్నది లేక తగ్గుచున్నది అనునది రెండవది. కొంతసేపటినుండి ఒకే ప్రక్కకు తప్పుచున్నదా, అనగా గాలియో ప్రవాహమో విడువకుండ నెట్టుచున్నదా అనునది మూడవది. వర్తమానమును, రాబోవు దానిని, గడచిన దానిని కలిపి చూచిననే గాని చుక్కాని సరిగా తిరుగదు. నేటి చిన్న పడవలలోని యంత్రములును చాలవరకు ఈ మూడింటి ఆధారముననే తిన్నగా సాగుచున్నవి.

దారి తప్పకుండుట ఒక యెత్తు, చెత్తను పట్టుట ఇంకొక యెత్తు. నెదర్లాండ్సు దేశములోని రాటర్‌డామ్ రేవుపట్టణమున రాన్‌మెరైన్ అను సంస్థ వేస్ట్‌షార్క్ అను చిన్న పడవను తయారుచేసెను. తిమింగల సొరచేప నోరు వెడల్పుగా తెరచుకొని, నీటిని వడకట్టుచు, ఆహారమును గ్రహించు తీరే దీనికి ఒరవడి. రెండు దోనెలను జంటగా కట్టినట్లుండు ఈ పడవ మనిషి పొడవున కంటె కొంచెము చిన్నది. రెండు దోనెల నడుమ ఒక జాలిబుట్ట యుండును. ఒడ్డుననున్నవారు పటముపై కొన్ని బిందువులను గుర్తించిన చాలును. ఉపగ్రహముల సంకేతములవలన తానెక్కడ నున్నదో తెలిసికొనుచు, పడవ ఒక బిందువునుండి మరియొక బిందువునకు పోవును. లేజరు కిరణములతో ఎదుటి వస్తువు ఎంత దూరమున నున్నదో కొలిచి, గోడకో, లంగరు వేసిన నావకో తగులకుండ తప్పుకొనును.

ఇట్టి పడవ ఎంత మెల్లగా పోయిన అంత మేలు. నీటిలో వేగము రెట్టింపైనచో, కావలసిన శక్తి సుమారు ఎనిమిది రెట్లగును. బ్యాటరీలోని శక్తియో పరిమితము. బుట్ట నిండినకొలది నీరు దానిని మరింత వెనుకకు లాగును. వేగముగా పోయినచో మరియొక చిక్కు కూడ కలదు. పడవ ముందు లేచు అలయే తేలిక చెత్తను ప్రక్కకు నెట్టివేయును. కావున నిర్మాత ఆశను తగ్గించుకొని, పడవను నెమ్మదిగా నడిపి, అది తిరిగి రావలసిన దారికి సరిపడు శక్తిని ముందుగానే దాచియుంచవలెను. ఇల్లు గడుపువారికి ఈ లెక్క కొత్తది కాదు.

రేవులోని నిలకడ నీటిని విడిచి నడిసముద్రమునకు పోయినచో లెక్కలే మారిపోవును. కాలిఫోర్నియాకును హవాయి దీవులకును నడుమ, ప్రవాహములు సుడి తిరుగుచోట, తేలియాడు ప్లాస్టిక్కు చేరుచున్నది. అచ్చట 16 లక్షల చదరపు కిలోమీటర్ల మేర, అనగా మన దేశములో ఇంచుమించు సగము వైశాల్యమున, సుమారు 79,000 టన్నుల ప్లాస్టిక్కు కలదని 2018వ సంవత్సరమున శాస్త్రజ్ఞులు అంచనా వేసిరి. బరువును బట్టి చూచిన దానిలో 46 శాతము చేపల వలలే. ఈ టన్నుల లెక్క విన్నవారికి చెత్త దీవివలె గట్టిపడి యున్నదని తోచును. కాని భాగించి చూడుడు. చదరపు కిలోమీటరునకు సగటున ఏబది కిలోలు కూడ రాదు. ఎకరమునకు చూచినచో సుమారు 200 గ్రాములు. ఒక ఎకరపు చేనిలో గుప్పెడు గింజలు చల్లి, కదలుచున్న అలలమీద వానిని ఏరవలెనన్నట్లుండును. కెమేరా గల పడవ ఒక్కొక్క సీసాను వెదకికొని పోవుట ఇచ్చట సాగు పని కాదు. ఎండ మెరపు, నురుగు, నాచు, అలపై కూర్చున్న పక్షి, అన్నియు దాని కంటికి సీసాలే కావచ్చును.

అందుచేత కొందరు వెదకుట మాని, చెత్తయే తమకడకు వచ్చు ఏర్పాటును ఆలోచించిరి. బోయాన్ స్లాట్ అను డచ్చి యువకుడు తన పదునెనిమిదవ యేట, 2013లో, ద ఓషన్ క్లీనప్ అను సంస్థను స్థాపించెను. 2018 సెప్టెంబరులో ఆ సంస్థ శాన్‌ఫ్రాన్సిస్కోనుండి 600 మీటర్ల పొడవుగల తేలు గొట్టమును సముద్రములోనికి పంపెను. దాని క్రింద మూడు మీటర్ల లోతున తెర వ్రేలాడుచుండెను. మనుష్యులు లేరు, యంత్రము లేదు. గాలియు అలలును గొట్టమును చెత్తకంటె వేగముగా నెట్టగా, అది ముందరి చెత్తను కౌగిలించుకొనునని వారి యూహ.

ఊహ ఫలింపలేదు. గొట్టము కొంతసేపు చెత్తకంటె వేగముగను, కొంతసేపు మెల్లగను కదలెను. లోపలికి వచ్చిన చెత్త మరల వెలికి పోయెను. ఒకే వేగముతో పోవు రెండు బండ్లు ఒకదానినొకటి ఎన్నటికిని అందుకొనవు కదా! ఇదియు అట్లే. డిసెంబరులో 18 మీటర్ల చివరి ముక్క ఊడిపోగా, మొత్తమును హవాయికి లాగుకొని పోయిరి. మరుసటి యేడు వారు ఆలోచనను తలక్రిందులు చేసిరి. గొట్టమునకు గొడుగువంటి నీటిలంగరును కట్టి, దాని వేగమును తగ్గించిరి. అప్పుడు చెత్తయే వెనుకనుండి వచ్చి తెరలో చిక్కెను. 2021 నాటికి వారే రెండు ఓడలను తెచ్చి, మనుష్యులతోనే, వలవంటి ఆ తెరను నెమ్మదిగా లాగించిరి. సరంగు లేకుండ సాగవలెనన్న ప్రయత్నము నడిసముద్రమున సరంగునే మరల పిలిచినది. దీనిని ఓటమి యనరాదు. తప్పును దాచక సరిదిద్దుకొనుటయే ఇంజనీరు వృత్తికి గౌరవము.

అయినను ఒక ప్రశ్న మిగిలియున్నది. చెత్త చేరిన చోటనే ప్రాణులును చేరుచున్నవి. సన్నని తెరచాపవంటి పొరతో గాలికి సాగు వెలెల్లా అను నీలి జీవి, బుడగల తెప్పను కట్టుకొని దానికి తలక్రిందుగా వ్రేలాడు ఊదారంగు నత్త మొదలైనవి నీటి పైపొరయందు తేలుచు జీవించును. పసిఫిక్ సముద్రపు ఆ సుడిలో ఇట్టి ప్రాణులు దట్టముగా నున్నవని 2023లో శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. సీసాను తెచ్చిన ప్రవాహమే నత్తను కూడ తెచ్చినది. వలకు ఈ రెండింటి భేదము తెలియదు. కావున ఎంత చెత్త పట్టినదని మాత్రమే కాక, దేనిని పట్టకుండ విడిచినదని కూడ ఈ యంత్రములను పరీక్షింపవలెను.

ఇక చెత్త దట్టముగా, ప్రాణులతో అంతగా కలియక దొరకు చోటు ఏది? అది సముద్రమునకు చేరక మునుపటి చోటు. అమెరికాలోని బాల్టిమోర్ రేవున, జోన్స్ ఫాల్స్ అను ఏరు కలియుచోట, జాన్ కెలెట్ అనునతడు రూపొందించిన తేలు యంత్రమును 2014లో నిలిపిరి. ఏటి ప్రవాహమే దాని నీటిచక్రమును త్రిప్పును. చక్రము కదలెడి పట్టాను నడపును. పట్టా చెత్తను పైకెత్తి తొట్టిలో వేయును. ప్రవాహము చాలనప్పుడు సూర్యశక్తితో నడచు పంపులు చక్రముపై నీటిని పోయును. ఆ ఊరివారు దానికి పెద్ద కన్నులు తగిలించి, మిస్టర్ ట్రాష్ వీల్ అని ముద్దుపేరు పెట్టుకొనిరి. 2019లో ద ఓషన్ క్లీనప్ వారును నదులకై సూర్యశక్తితో పనిచేయు బల్లకట్టువంటి యంత్రమును చూపిరి. తేలు కంచె చెత్తను దాని నోటికి చేర్చును. లోపల ఆరు తొట్లు వరుసగా నిండును. నిండవచ్చినపుడు అది ఒడ్డువారికి తానే కబురు పంపును.

ఈ యంత్రములు ఎచ్చటికిని పోవు. లంగరు వేసికొని కూర్చుండును. పడవ కదలనక్కరలేని చోటును ఎన్నుకొనుటయే ఇచ్చటి తెలివి. 2010వ సంవత్సరమున భూమినుండి సముద్రమునకు చేరిన ప్లాస్టిక్కు 48 లక్షల టన్నులకు తక్కువ కాదనియు, 127 లక్షల టన్నుల వరకు ఉండవచ్చుననియు ఒక అంచనా. అందులో తక్కువ సంఖ్యనే తీసికొన్నను, పసిఫిక్ సుడిలో తేలుచున్న దానికి అది అరువది రెట్లు. నదుల ద్వారా సముద్రమును చేరు ప్లాస్టిక్కులో 80 శాతము వేయికి పైగా నదులనుండి వచ్చుచున్నదని 2021లో ప్రకటించిన మరియొక పరిశోధన తెల్పెను. వానిలో మహానదులకంటె పట్టణముల నడుమ పారు చిన్న యేర్ల వంతు తక్కువది కాదు. చెత్త ఇంటి గడపను వదలినపుడు ఒక సంచి. ఏటిలో పడినపుడు ఒక కంచె చాలును. రేవులో చేరినపుడు ఒక పడవ కావలెను. నడిసముద్రమునకు పోయినపుడు రెండు ఓడలును, వందలాది మీటర్ల వలయు కావలెను. దూరము పెరిగినకొలది యంత్రము పెద్దదగును, ఫలము చిన్నదగును.

సముద్రముపై ఢీకొనుటలను నివారించుటకు 1972లో ఏర్పడిన అంతర్జాతీయ నియమావళి, ప్రతి నౌకయు చూపుతోను వినికిడితోను ఎల్లవేళల కావలి యుండవలెనని విధించినది. మనిషి లేని పడవలో ఆ కావలి ఎవరిది? ప్రస్తుతము నిర్మాతలు చెప్పు సమాధానము ఒక్కటియే. తెరపై పడవను కనిపెట్టుచు, అవసరమైనపుడు దానిని ఆపగల మనిషి ఒడ్డున నుండవలెను. టెస్లా కాలముననున్నట్లే సరంగు మరల గట్టుమీదనే నిలిచినాడు.

ఇంతకును సరంగు లేని పడవ ఎక్కడ నున్నది? దాని దారిని ఎన్నుకొన్నది మనిషి. దాని వేగమును తగ్గించినది మనిషి. నత్తకు హాని కలుగుచున్నదేమో యని సందేహించినది మనిషి. బుట్ట నిండిన తరువాత ఆ చెత్తను ఎచ్చట పోయవలెనో నిర్ణయింపవలసినవాడును మనిషియే. యంత్రము మన చేతి శ్రమను తీసికొనగలదు గాని మన బాధ్యతను తీసికొనలేదు. సముద్రమును శుభ్రము చేయు పడవలు వచ్చినవి గదా యని మనము నిశ్చింతగా సంచిని ఏటిలోనికి విసరినచో, ఎన్ని పడవలైనను వెనుకబడియే యుండును. ఆ సంచి ఇంకను మన చేతిలో నున్నంతసేపు, ఈ పడవకు సరంగులము మనమే.