వేయి లీటర్ల తొట్టి కొళాయికి గొట్టము తగిలించు విధము
(రైతుల కొఱకైన ఉపన్యాసపాఠము)



రసాయనములు, నూనెలు, పండ్లరసములు దూరదేశములకు పంపుటకై ఇనుపచట్రములో నమర్చిన తెల్లని ప్లాస్టిక్ తొట్లు పని తీరిన పిమ్మట పాతసామానుల అంగళ్లకు చేరుచున్నవి. ఒక్కొక్కదానిలో 1000 లీటర్లు పట్టును. జీవామృతము కలుపుటకును, బిందుసేద్యపు నీరు నిలువచేయుటకును అనుకూలము గనుక రైతులు వీనిని కొనుచున్నారు. కొనుట సులభమే. అడుగునగల కొళాయికి గొట్టము తగిలించుటయే చిక్కు.

ఒక రైతు అట్టి తొట్టిని కొని, కొళాయి మూతి వెలుపలి కొలత తీసెను. 60 మిల్లీమీటర్లు వచ్చెను. ఆ కొలత వినిన దుకాణదారుడు 2 అంగుళముల సాకెట్టు నిచ్చెను. అది సగము చుట్టు తిరిగి నిలిచిపోగా, రైతు పెద్దపానా పట్టి బిగించెను. ఆ సాయంకాలము చుక్కయైనను కారలేదు. రాత్రి మూతి చీలెను. తెల్లవారుసరికి తొట్టెడు జీవామృతము నేలపాలయ్యెను. బెల్లము, పప్పుపిండి మరల కొనవచ్చును. పైరునకు తప్పిన అదను మరల రాదు.

ఇందు దుకాణదారుని తప్పేమియు లేదు. 2 అంగుళములనునది గొట్టపు లోపలి బోలును బట్టి వచ్చిన పాతపేరు. ఆ గొట్టపు మరకు వెలుపలి వ్యాసము 59.6 మిల్లీమీటర్లు. తొట్టి మరకు 60. ఈ భేదము కంటికిగాని దారమునకుగాని దొరకదు. అసలు భేదము మరచుట్ల యందున్నది. ఇంగ్లండులో జోసెఫ్ విట్‌వర్తు అను యంత్రనిపుణుడు 1841లో మరలకొక కట్టుబాటు ప్రతిపాదించెను. ఈ దేశపు ఇనుపగొట్టముల మరలు ఆ వంశమునకు జెందినవే. 1956లో మెట్రిక్ కొలతల చట్టము వచ్చినను గొట్టములకు అంగుళము పేరు విడలేదు. 2 అంగుళముల గొట్టమునకు అంగుళము నిడివిలో 11 చుట్లుండును. తొట్టి మరకు చుట్టునకును చుట్టునకును నడుమ 6 మిల్లీమీటర్లు. అనగా అంగుళములో నాలుగు చుట్లకు కొంచె మెక్కువ. దాని పలు రంపపు పలువలె ఒకవైపు నిటారుగను, ఒకవైపు వాలుగను ఉండును.

కావున వెడల్పు మాత్రమే కొలిచి దుకాణమునకు పోరాదు. పలుచని కాగితమును మరపై అడ్డముగాక నిడివిగా వేసి, బొటనవ్రేలితో గట్టిగా రుద్దవలెను. చుట్ల గుర్తులు కాగితముపై పడును. ఒక గుర్తునుండి నాలుగవ గుర్తు వరకు 18 మిల్లీమీటర్లు వచ్చిన, అది 6 మిల్లీమీటర్ల మర. అంతకంటె నమ్మదగిన సాక్షి కొళాయితో వచ్చిన మూత. చాలమంది దానిని పారవేయుదురు. అది తెలివిమాలిన పని. కొనబోవు వస్తువు మరను ఆ మూతలోని మరతో సరిపోల్చినచో సందేహమే యుండదు.

అడుగవలసిన పేరు ‘ఎస్ 60 × 6’ కప్లింగు. ఒకప్రక్క తొట్టి మరయు, రెండవప్రక్క 2 అంగుళముల మరగాని, రబ్బరుగొట్టము తొడుగు మొనగాని ఉన్నవి దొరకును. సాధారణపు గొట్టముల అంగడిలో లేకున్నను, ఈ తొట్లనే యమ్మువారి యొద్ద విచారింపవలెను. తపాలా ద్వారా తెప్పించువారు మూతి ప్రక్క కొలబద్ద నుంచి ఛాయాచిత్రము తీసి పంపుట మేలు. కొన్ని పెద్దమూతి కొళాయిలకు 100 మిల్లీమీటర్ల వ్యాసమును, 8 మిల్లీమీటర్ల దూరమును గల మర యుండును గనుక, పేరు విని కొనక కొలిచియే కొనవలెను.

సరియైన కప్లింగు చేతితోనే మూడు నాలుగు చుట్లు నునుపుగా తిరుగును. పానా కావలసివచ్చిన అది సరియైనది కాదని యెఱుగవలెను. ఇనుపగొట్టపు మరకు జనుపనార చుట్టి నీరాపు అలవాటు ఇచట పనికిరాదు. ఇంత వెడల్పు చుట్లలో నార నిలువదు. నీరాపునది లోపలి రబ్బరు వాషరే. అది లేని కప్లింగు ఉచితముగా నిచ్చినను వలదు.

కప్లింగు దొరకనిచో మూతయే సాధనము. దాని నడుమ రంధ్రము చేసి, 1 అంగుళము ట్యాంకు నిప్పలును రెండువైపుల రబ్బరు వాషరులతో బిగించి, మూతను యథాప్రకారము కొళాయికి తగిలింపవలెను. బిందుసేద్యపు సన్నగొట్టమునకు ఇది చాలును.

పాత తొట్టిపై అంటించిన చీటీని చదువక కొనరాదు. పురుగుమందుగాని ఆమ్లముగాని నింపిన తొట్టి కడిగినను జీవామృతమునకు తగదు. చీటీ చింపివేసిన తొట్టిని విడిచిపెట్టుటయే క్షేమము. నిండు తొట్టిలోని నీరే ఒక టన్ను తూగును గనుక ఇటుకల గట్టు సమముగా గట్టియై యుండవలెను. కొళాయి ప్లాస్టిక్‌ది, దానికి ఇనుపగొట్టమును వ్రేలాడదీయక, మొదటి రెండడుగులు మెత్తని రబ్బరుగొట్టము వేసి, ఆ తరువాత గొట్టమునకు క్రింద రాయి ఆధారముంచవలెను.