పుస్తకాన్ని పరిచయం చేసే మనిషి

(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



గ్రంథాలయం గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శి గారు ఆజ్ఞాపించారు. ఆ ఉద్యోగం చేసి రిటైరైనవాణ్ని కనుక కాదనలేకపోయాను. లైబ్రేరియన్ అంటే బీరువా తాళాలు పెట్టుకుని కూర్చునే మనిషి అని మనలో చాలామంది అనుకుంటారు. తాళాలు కాపలాదారు దగ్గర కూడా ఉంటాయి. లైబ్రేరియన్ చేసే అసలు పని వేరు. పెళ్లి సంబంధం కుదిర్చే పెద్దమనిషిలాగా, ఈ పుస్తకానికి ఈ మనిషి సరిపోతాడని కనిపెట్టి, ఇద్దరినీ ఒకచోట కూర్చోబెట్టడం ఆయన పని.

మన ఆదోనికి పుస్తకాలు కొత్త కాదు. 17వ శతాబ్దంలో బీజాపూరు సుల్తానుల తరఫున ఇక్కడ ఏలిన సిద్ది మసూద్ ఖాన్, మనం రోజూ చూసే జామియా మసీదు కట్టించిన మనిషి, కళలన్నా చిత్రాలన్నా ప్రీతి గలవాడు. ఆ తర్వాత కోట మొఘలుల వశమైంది. బికనీరు రాజు అనూప్ సింగ్ ఔరంగజేబు కొలువులో అధికారిగా ఇక్కడికి వచ్చి, 1698లో ఈ ఆదోనిలోనే కన్నుమూశాడు. దక్కనులో ఆయన సేకరించిన వ్రాతప్రతులు బికనీరులో ఆయన పేరిటే ఉన్న గ్రంథాలయానికి చేరాయి. ఆదోని నుంచి పోయిన చిత్రపటాలు కూడా ఆ రాజుల సేకరణలో కలిశాయని చరిత్రకారులు చెబుతారు. అది విని మనకు బాధ కలగడం సహజమే. కానీ ఒక్కటి ఆలోచించండి. ఆ పుస్తకాలు కోటలోనే ఉండివున్నా, పత్తి ఏకే దూదేకుల ఇంటివాడో, మగ్గం నేసే ఇంటి ఆడబిడ్డో వాటిని చేత్తో తాకేవారా? రాజుగారి పుస్తకం రాజుగారిదే. ఎవరైనా వచ్చి చదువుకోవచ్చు అనే మాట పుట్టింది చాలా తర్వాత.

ఆ మాటను తెలుగు నేలలో ఉద్యమంగా మార్చినవారిలో మొదట చెప్పవలసినవారు అయ్యంకి వెంకటరమణయ్య గారు. 1911లో బెజవాడలో రామమోహన గ్రంథాలయం వెలిసింది. 1914లో అదే ఊళ్లో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం ఏర్పడింది. ఇదంతా కోస్తా వారి సంగతి, మనకేం సంబంధం అనుకోవద్దు. 1883లో మన కర్నూలులో పుట్టిన గాడిచర్ల హరిసర్వోత్తమరావు గారు ఆ ఉద్యమానికి పెద్దదిక్కుగా నిలిచారు. చదువురాని పెద్దలకు అక్షరాలు నేర్పడం, గ్రంథాలయం నడపడం రెండూ ఒకటే పని అని నమ్మి, రాత్రిబడుల కోసం 1960లో కన్నుమూసేదాకా పాటుపడ్డారు. 1935లో పాతూరి నాగభూషణం గారు పడవలో పుస్తకాలు వేసుకుని కొల్లూరు కాలువ వెంట పల్లెపల్లెకూ తీసుకెళ్లారు. పాఠకుడు రాకపోతే పుస్తకమే బయలుదేరుతుంది అన్నమాట. మనకు అంతటి పడవ కాలువలు లేవు. ఆటోలు మాత్రం కావలసినన్ని ఉన్నాయి!

ఎస్.ఆర్. రంగనాథన్ గారు మొదట లెక్కల మేష్టారు. 1924లో మద్రాసు విశ్వవిద్యాలయంలో లైబ్రేరియన్ అయ్యారు. గ్రంథాలయానికి ఐదు సూత్రాలు చెబుతూ 1931లో గ్రంథం వెలువరించారు. దాని సారం మన భాషలో చెప్పాలంటే, పుస్తకం దాచిపెట్టే వస్తువు కాదు, నలిగితేనే దానికి విలువ. ఆయన కృషితో 1948లో మద్రాసు గ్రంథాలయ చట్టం వచ్చింది. అప్పటికి మన ఆదోని తాలూకా బళ్లారి జిల్లాలో ఉంది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు మనం ఇటు వచ్చాం. 1960లో ఆంధ్రప్రదేశ్ గ్రంథాలయాల చట్టం వచ్చింది. ఈ చట్టం ప్రకారం ఇంటిపన్నులో ప్రతి రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్నుగా వసూలవుతుంది. అంటే వెయ్యి రూపాయల ఇంటిపన్ను కట్టే గృహస్థు 80 రూపాయలు గ్రంథాలయానికి ఇచ్చినట్టే. ఇది ఎవరో దయతలచి పెట్టే ధర్మం కాదు, మన సొమ్మే. డబ్బు కట్టి, భోజనం చెయ్యకుండా హోటల్ నుంచి లేచి వచ్చేవాణ్ని ఏమంటాం?

ఇక చదువు మీద ప్రేమ ఎలా పుడుతుందో చెబుతాను. ఉపదేశంతో పుట్టదు. "చదువురా, బాగుపడతావు" అని ఎంత అరిచినా పిల్లవాడు పారిపోతాడు. జిన్నింగు మిల్లులో పనిచేసే కుర్రవాడు సినిమా పేజీ చూడటానికి వస్తాడు. వాణ్ని కసరకూడదు. నెలరోజులు గమనిస్తే వాడికి మోటార్ల మీద ఆసక్తి ఉందని తెలుస్తుంది. మోటారు వైండింగు పుస్తకం ఒకటి వాడు కూర్చునే బల్ల మీద పెట్టాలి, అంతే. తర్వాత చిన్న కథల పుస్తకం. ఇలా వచ్చి స్థిరపడిన కుర్రవాళ్లను చాలామందిని చూశాను. మొదటి పుస్తకం పలచగా ఉండాలి, అక్షరాలు పెద్దవిగా ఉండాలి, చదివాక ఎవరూ పరీక్ష పెట్టకూడదు.

మన ఇళ్లలో భాష సంగతి కూడా ఉంది. ఇంట్లో ఉర్దూ, బడిలో తెలుగు, బజారులో కన్నడం. పిల్లవాడికి ఏ భాష పుస్తకమూ తనది కాదనిపిస్తుంది. అలాంటివాడి చేతికి ఖదీర్ బాబు గారి 'దర్గామిట్ట కతలు', వేంపల్లె షరీఫ్ గారి 'జుమ్మా' ఇచ్చి చూడండి. అమ్మీ, అబ్బా, నానీమా తెలుగు పుస్తకంలో మాట్లాడుతుంటే వాడి కళ్లు ఎలా మెరుస్తాయో మీకే తెలుస్తుంది. తాతగారికేమో ఉర్దూ పత్రిక కావాలి. మూడు భాషలూ ఒకే బల్ల మీద ఉండాలి. పడుగూ పేకా వేరువేరు దారాలే, కలిస్తేనే బట్ట. 1938లో మాచాని సోమప్ప గారు నేతగాళ్లను కలిపి సహకార సంఘం నిలబెట్టిన ఎమ్మిగనూరు వారికి ఈ సంగతి నేను చెప్పనక్కరలేదు.

ఇప్పుడు అసలు కష్టమైన మాట. 2011 జనాభా లెక్కల్లో కర్నూలు జిల్లా అక్షరాస్యత సుమారు 60 శాతం. ఆడవాళ్లలో దాదాపు సగం మందికే అక్షరాలు వచ్చు. వానలు మొహం చాటేస్తే మన పడమటి పల్లెల కుటుంబాలు మిరపకోతలకు, పత్తి తీతకు గుంటూరు వైపు వలసపోతాయి. పిల్లలూ మూటాముల్లెతో పాటే పోతారు. తిరిగొచ్చేసరికి బడిలో పాఠాలు దాటిపోతాయి, పిల్లవాడికి సిగ్గు, ఆ సిగ్గుతోనే బడి మానేస్తాడు. మన ఆడపిల్లల్లో ఎంతమంది పదో తరగతితో ఆగిపోతున్నారో ఇక్కడున్న తల్లులకే తెలుసు. బడి మానినా చదువు మానకుండా చూసేది ఒక్క గ్రంథాలయమే. వయసు అడగదు, ఫీజు అడగదు, ఏ తరగతిలో ఆగావని అడగదు. "ఆడపిల్ల అంత దూరం ఎలా పోతుంది భాయ్?" అంటారు. న్యాయమే. ఆమె పోలేకపోతే పుస్తకం ఇంటికి రావాలి. కాలువ మీద పోయిన పుస్తకం మన మొహల్లా సందులోకి రాలేదా?

అందుకని సంఘం ముందు మూడు మనవులు పెడుతున్నాను.

ఒకటి, ప్రతి సభ్యుడూ తన పేరన, తన పిల్లల పేరన శాఖా గ్రంథాలయంలో సభ్యత్వ కార్డు తీసుకోవాలి. చాలాచోట్ల సిబ్బంది కొరత ఉంది, కొత్త పుస్తకాలు చాలవు. వచ్చేవాళ్లు పెరిగితేనే అడిగే గొంతుకు బలం వస్తుంది.

రెండు, సంఘం ఒక పుస్తకాల పెట్టె పెట్టాలి. వందో నూటయాభయ్యో పుస్తకాలు, ఒక రిజిస్టరు, వారానికొక రోజు. చదువుకున్న ఆడపిల్లే ఆ పెట్టె బాధ్యత తీసుకుని ఇంటింటికీ తిరగాలి. నెలకింత అని ఆమెకు గౌరవవేతనం ఇవ్వండి. పనికి విలువ కట్టకపోతే పని ఆగిపోతుంది. పుస్తకం చిరిగిందని ఎవరినీ చిన్నబుచ్చకండి. చిరిగిందంటే చదివారనే కదా!

మూడు, వలస పోయే కుటుంబం మూటలో పిల్లవాడికి రెండు పుస్తకాలు పెట్టి పంపండి. రిజిస్టరులో రాసుకోండి, తిరిగి తెచ్చినప్పుడు ఇంకో రెండు ఇవ్వండి. ఆ పిల్లవాడికి ఊళ్లో తనకోసం ఎదురుచూసే పని ఒకటి ఉందని తెలుస్తుంది.

ఇంట్లో సెల్‌ఫోను ఉంది, దాంట్లో అన్నీ వస్తాయి కదా అంటారు. వస్తాయి. కాదనను. కానీ ఫోను మనం అడగనివి కూడా చూపించి పొద్దుపుచ్చుతుంది. పుస్తకం మనం తెరిస్తేనే మాట్లాడుతుంది, మూస్తే ఓపిగ్గా ఊరుకుంటుంది.

పుస్తకం హస్తభూషణం అన్నారు పెద్దలు. భూషణమంటే పండగకు తీసి మళ్లీ పెట్టెలో దాచేది అనుకోకండి. మన పుస్తకం ఇల్లిల్లూ తిరగాలి. పెట్టె కోసం తొలి పది పుస్తకాలు నేను ఇస్తున్నాను, కార్యదర్శి గారు రేపే రిజిస్టరు తెరవాలని కోరుతున్నాను.