చివరి కిస్తు ఆపొద్దు
(సమాఖ్య వార్షిక మహాసభలో మా సంఘం తరఫున చేసిన ప్రసంగం)



ప్రతి ఏడూ ఇక్కడ నిలబడి పొదుపు ఎంత, లింకేజీ ఎంత, రికవరీ ఎంత అని చెప్తాం. ఈసారి ఆ లెక్కలు రిపోర్టులో రాసి ఇచ్చినం, చూసుకోండి. మేము ఇంకో సంగతి చెప్పాలని వచ్చినం. మా సంఘంలో మేము పదకొండు మందిమి. అందులో ఒక అక్కకు పోయిన ఎండాకాలం తర్వాత రొమ్ము క్యాన్సర్ అని తేలింది. పేరు చెప్పొద్దన్నది, కానీ సంగతి మాత్రం తప్పకుండా చెప్పమన్నది.

మాదాపూర్‌లో ఒక లేడీస్ హాస్టల్‌లో ఆమె వంట చేస్తది. సాఫ్ట్‌వేర్ పిల్లలు నిద్ర లేవకముందే నాలుగున్నరకు పొయ్యి వెలిగించాలి. గడ్డ పెద్దగా ఉందని, ముందు కీమో ఇచ్చి చిన్నగా చేసి, తర్వాత ఆపరేషన్ చేస్తామని డాక్టర్లు చెప్పినరు. 21 రోజులకు ఒకటి చొప్పున ఆరు కీమోలు. సంక్రాంతి వారంలో ఆఖరిది అయిపోయింది. మేమంతా సంబరపడ్డం. "ఇంకేం అక్కా, గట్టెక్కినవ్" అన్నం.

మా తప్పు అక్కడే మొదలైంది.

మేము ఎప్పుడు పోయినా ఒకటే మాట: "ధైర్యంగా ఉండు. నవ్వుతూ ఉండు. భయపడితే రోగం ఎక్కువైతది." ఆమె సరే అని తల ఊపేది. చాయ్ పెట్టేది. మేము తాగి వచ్చేవాళ్లం. ఫిబ్రవరి మొదటి వారంలో సర్జన్ దగ్గరికి రమ్మని తేదీ ఇచ్చినరు. ఆ రోజు ఆమె హాస్టల్‌కు పనికి పోయింది! ఆసుపత్రికి పోలేదు. మాకు తెలిసింది పది రోజులకు. వాళ్ల బిడ్డ మీటింగ్‌కు పొదుపు పైసలు తెచ్చి ఇస్తూ ఏడ్చింది.

అదే సాయంత్రం ముగ్గురం పోయినం. ఎందుకు పోలేదని అడిగితే, "గడ్డ చేతికి దొరుకుతలేదు. కరిగిపోయింది కదా, ఇంకెందుకు కోసుడు?" అన్నది. కాసేపు ఎవరం మాట్లాడలేదు. తర్వాత ఆమే నోరు విప్పింది. రొమ్ము తీసేస్తరేమో, మొగుడు ఎట్ల చూస్తడో, చెయ్యి లేవకపోతే పెద్ద గిన్నెలు ఎట్ల ఎత్తాలె, పని పోతే బిడ్డ కాలేజీ ఫీజు ఎవరు కట్టాలె. ఇన్ని మనసులో పెట్టుకున్నది. "మాకు ఎందుకు చెప్పలే?" అంటే ఆమె అన్న మాట మేము మరిచిపోలేం. "మీరు ధైర్యంగా ఉండు అన్నప్పుడల్లా నా నోరు మూతపడ్డది."

అక్కలారా, భయపడితే క్యాన్సర్ పెరగదు. ఏడిస్తే పెరగదు. చెడు ఆలోచన చేస్తే వచ్చే రోగం కాదు అది. మేము తెలియక ఆమె మీద ఇంకో బరువు పెట్టినం. రోగం మోసేది చాలక నవ్వు కూడా మొయ్యాలంటే ఎట్ల?

మరునాడు ఇద్దరం ఆమెను తీసుకుని పోయినం. డాక్టరమ్మ ఓపికగా చెప్పింది. కీమోతో గడ్డ చేతికి అందనంత చిన్నది కావచ్చు, కానీ కంటికి కనపడని కణాలు అక్కడ మిగిలి ఉండొచ్చు. అవి ఉన్నాయో లేవో ఆపరేషన్ చేసి, తీసిన ముక్కను పరీక్షకు పంపితేనే తెలుస్తది. కీమో అయిన వెంటనే ఎందుకు చెయ్యరంటే, తగ్గిన రక్తకణాలు మళ్లీ పెరగాలి, ఒంట్లో బలం రావాలి. అందుకే మామూలుగా మూడు నుంచి ఆరు వారాలు ఆగుతరు. అంతకన్నా మరీ జరిగితే మంచిది కాదు. రొమ్ము మొత్తం తియ్యాలా, గడ్డ వరకే తియ్యాలా అన్నది మనిషిని బట్టి ఉంటది, అది డాక్టర్‌నే అడగాలి.

బయటికి వచ్చినంక మేము ఆమెతో మన భాషలో చెప్పినం: "అక్కా, అన్ని కిస్తులు కట్టి చివరిది ఆపితే అప్పు తీరినట్టా?" ఆమె నవ్వింది. చాలా రోజులకు నిజంగా నవ్వింది.

ఎదురుచూసే ఈ దినాలు ఖాళీ దినాలు కావని మాకు అప్పుడు అర్థమైంది. అందరం కూర్చుని పనులు పంచుకున్నం. ఒకరు నోట్‌బుక్ పెట్టినరు. అందులో రక్త పరీక్ష, గుండె ఎకో, మత్తు డాక్టర్ చెకప్ తేదీలు, అడగాల్సిన ప్రశ్నలు రాస్తరు. ఒకరు గుడ్డు, పప్పు, పెరుగు ఇంట్లో ఉన్నాయా అని చూస్తరు. శివరాత్రికి ఒక్కపొద్దు ఉంటానంటే, "శివుడికి నీ ఆపరేషన్ సంగతి తెలుసు, తిను" అన్నం. పొద్దున, సాయంత్రం ఆమెతో కలిసి మెల్లగా నడుస్తం. డాక్టర్లు చెప్పినట్టు ఊపిరి కసరత్తు చేయిస్తం. ఇంట్లో థర్మామీటర్ పెట్టినం. కీమో తీసుకున్న మనిషికి 100.4 దాటి జ్వరం వస్తే, గోళీ వేసి పండుకోబెట్టొద్దు, వెంటనే ఆసుపత్రికి పోవాలి. ఎవరో ఆకు పసరు తెచ్చిస్తే, డాక్టర్‌కు చూపించకుండా వద్దన్నం.

కిస్తు సంగతి మీద మాలో గొడవ కూడా అయింది, దాచం. ఆమెకు పదిహేను వేల అంతర్గత అప్పు ఉంది. "అందరికీ ఒకటే రూల్" అని కొందరం, "ఇప్పుడు ఎట్ల అడుగుతం" అని కొందరం. ఆఖరికి మూడు నెలలు వాయిదా వేసి, తీర్మానం పుస్తకంలో రాసి, అందరం సంతకం పెట్టినం. దయతో మాఫీ చెయ్యలేదు. ఆమె కోలుకుని కడుతుందనే నమ్మినం. అది ఆమెకు మాఫీ కన్నా ఎక్కువ సంతోషం ఇచ్చింది.

వినేవాళ్లలో ఎవరికైనా అవసరం పడితే గుర్తుంచుకోండి. రెడ్‌హిల్స్‌లో ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రి 1955 నుంచి ఉంది, సర్కారుది. మన దిక్కు నుంచి రాయదుర్గంలో మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో మారి, లక్డీకాపూల్‌లో దిగాలి. బస్సు అయితే ఆడవాళ్లకు టికెట్ లేదు, ఆధార్ ఉంచుకోండి. 2023 డిసెంబర్‌లో ఆరోగ్యశ్రీ పరిమితి పది లక్షలకు పెంచినరు. రేషన్ కార్డులో పేర్లు సరిగ్గా ఉన్నాయో లేదో రోగం రాకముందే చూసుకోండి. రొమ్ములో నొప్పి లేని గడ్డ తగిలినా సిగ్గుపడకుండా చూపించుకోండి.

ఆపరేషన్ వచ్చే మంగళవారం. మంగళవారం ఎందుకని వాళ్ల అత్త అన్నది. "డాక్టర్ ఇచ్చిన రోజే మంచి రోజు" అని మా అక్కే జవాబు చెప్పింది. ఏమైతదో మాకు తెలియదు, అంతా మంచిగ అయితదని మేము మాట ఇయ్యలేం. ఆ రోజు పొద్దున ఆరింటికి ఆమె వెంట ఇద్దరం ఉంటం, మిగతావాళ్లలో ఒకరు ఆమె బిడ్డ దగ్గర ఉంటరు. అది మాత్రం తీర్మానం అయింది.

జనంలోకి ఇప్పుడే వద్దన్నందుకు ఆమె ఈ రోజు రాలేదు. పొద్దున మేము బయలుదేరేటప్పుడు అడిగినం, "సభలో ఏం చెప్పమంటవ్ అక్కా?" అని.

"నాకు భయం ఉందని చెప్పుండ్రి. అయినా పోతున్న అని చెప్పుండ్రి" అన్నది.