రక్తంలో డీఎన్‌ఏ డ్యామేజ్ టెస్ట్: ఆ నంబర్ నమ్మొచ్చా?

మన డీఎన్‌ఏలో గ్వానిన్ అనే అక్షరం ఆక్సీకరణకి గురైతే 8-ఆక్సో-గ్వానిన్ అవుతుంది. ఇనుముకి తుప్పు పట్టినట్టు అనుకోండి. రక్తం తీసి, తెల్ల కణాల్లో ఆ తుప్పు ఎంతుందో కొలుస్తారు.

ట్విస్ట్ ఏంటంటే, కణాల్లోంచి డీఎన్‌ఏని బయటికి తీసేటప్పుడే కొత్త తుప్పు పట్టొచ్చు! మా సాఫ్ట్‌వేర్ భాషలో, బగ్ వెతికే టూలే బగ్ పెట్టడం అన్నమాట.

యూరప్ ల్యాబులు కలిసి చెక్ చేస్తే, 10 లక్షల గ్వానిన్లకి క్రోమటోగ్రఫీలో సుమారు 4 దెబ్బతిన్నట్టు తేలింది. డీఎన్‌ఏని విడిగా తీయక్కర్లేని కామెట్ పద్ధతిలో సుమారు 0.3 మాత్రమే. 10 రెట్లకు పైగా తేడా!

సో, ఎవరైనా మీ 'డ్యామేజ్ స్కోర్' చూపించి మాత్రలు అమ్మబోతే ముందు అడగండి: ఏ పద్ధతి? శాంపిల్ ఎలా కాపాడారు? జవాబు లేకపోతే, డబ్బులు జేబులోనే ఉంచుకోండి.