కోపానికి మనిషి తెలుసు

"మావాడు మంచోడే అండీ, కోపం వస్తేనే కంట్రోల్ ఉండదు." ఈ మాట మీరూ వినే ఉంటారు. ఈరోజు దీని గురించే మాట్లాడుకుందాం.

నిజంగా కంట్రోల్ ఉండదా? మేనేజర్ అందరి ముందూ తిడితే "సారీ సార్" అంటాడు. ఫుల్లుగా తాగి దొరికినా ట్రాఫిక్ పోలీసు మీద చెయ్యి ఎత్తడు. ఇంటికొచ్చాక మాత్రం కూరలో ఉప్పు ఎక్కువైందని భార్య మీద ఎత్తుతాడు. అంటే కంట్రోల్ బాగానే ఉంది. ఎవరిని కొడితే ఎవరూ ఏమీ అనరో ఆయనకి తెలుసు.

అది ఎవరు నేర్పారు? మనమే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఒక ప్రశ్న ఉంది. చెప్పకుండా బయటికెళ్తే, ఎదురు మాట్లాడితే, వంట సరిగ్గా చేయకపోతే, అత్తమామల్ని గౌరవించకపోతే... ఇలా ఏడు కారణాలు చెప్పి, భర్త కొట్టడం సబబేనా అని అడిగారు. ఆంధ్రప్రదేశ్‌లో, తెలంగాణలో దాదాపు 84 శాతం ఆడవాళ్ళు కనీసం ఒక్క కారణానికైనా సబబే అన్నారు. తెలంగాణ మగవాళ్ళలో అలా అన్నవాళ్ళు 70 శాతం.

"చూశారా, ఆడవాళ్ళే ఒప్పుకుంటున్నారు" అని కొందరు వెంటనే అంటారు. ఒక్క నిమిషం ఆగండి. దెబ్బలతో పుట్టింటికొచ్చిన కూతురికి నాలుగు రోజులు అన్నం పెట్టి, "సర్దుకుపో తల్లీ" అని మళ్ళీ బస్సెక్కిస్తాం. ఎలాగూ ఆ ఇంటికే వెళ్ళాలని తెలిసిన మనిషి, తిన్న దెబ్బకి ఏదో ఒక కారణం వెతుక్కోక ఏం చేస్తుంది? తప్పు నాదే అనుకుంటే, రేపు ఆ తప్పు చేయకపోతే దెబ్బ పడదని ఆశ. అది ఒప్పుకోవడం కాదు.

తాగుడు సంగతేంటి అంటారా? 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు సారా మీద తిరగబడింది ఊరికే కాదు. తాగే ఇళ్ళల్లో దెబ్బలు ఎక్కువే. కానీ చుక్క ముట్టని వాళ్ళ ఇళ్ళల్లోనూ దెబ్బలున్నాయి కదా.

అసలు ట్రైనింగ్ చిన్నప్పుడే మొదలవుతుంది. కాలేజీ నుంచి అక్క లేటుగా వస్తే, ఎనిమిదో క్లాసు తమ్ముడు గుమ్మంలో నిలబడి "ఎక్కడికెళ్ళావ్?" అంటాడు. ఇంట్లో అందరూ నవ్వుతారు, "అబ్బో, మగపిల్లాడు!" అని. ఆ తమ్ముడే పెద్దయ్యాక గర్ల్‌ఫ్రెండ్‌ని పాస్‌వర్డ్ అడుగుతాడు, లైవ్ లొకేషన్ పెట్టమంటాడు, డీపీ మార్చమంటాడు. దానికి మనం ముద్దుగా పెట్టుకున్న పేరు పొసెసివ్‌నెస్. చెంపదెబ్బ దాకా రావడానికి చాలాసార్లు దారి ఇక్కడే పడుతుంది.

ఒక అమ్మాయి ఇంటర్నెట్‌లో, మెసేజ్‌లలో ఏం చేస్తోందో నిఘా పెట్టడం భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 78 కింద నేరం. 2005 గృహ హింస చట్టం దెబ్బల గురించే కాదు, తిట్లు, బెదిరింపులు, ఖర్చులకి డబ్బులివ్వకుండా ఏడిపించడం కూడా హింసే అంటుంది. పెళ్లి కాకుండా భార్యాభర్తల్లా ఒకే ఇంట్లో ఉంటున్నవాళ్ళకీ ఇది వర్తిస్తుంది. ఫోన్ చేయాల్సిన నంబరు 181. ప్రాణం మీదకొస్తే 112. నంబరు మీ అక్క ఫోన్‌లో సేవ్ చేసేటప్పుడు వేరే పేరుతో చేయండి, ఆ ఫోన్ ఇంకొకరు చెక్ చేస్తుంటారు.