నెమలి గుడ్లు మనం పొదిగించవచ్చునా?

(సంఘ సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శి గారు నన్ను మాట్లాడమన్నప్పుడు, "అయ్యా, కరువు భత్యం బకాయిల గురించి చెప్పడానికి నాకంటె సమర్థులు చాలామంది ఉన్నారు. పశుసంవర్ధక శాఖలో 34 ఏళ్లు పనిచేసిన నాకు కోళ్లూ గుడ్లూ తప్ప మరేమీ తెలియవు" అన్నాను. "అయితే అవే చెప్పండి" అన్నారు. అందుకని ఈ మధ్య జరిగిన ఒక సంగతితో మొదలుపెడతాను.

పోయిన ఏడాది మే నెలలో మన సభ్యులొకరు నాకు ఫోను చేశారు. "అన్నా, మా తమ్ముడి చేలో వేసవి దుక్కి దున్నుతుంటే గట్టు పక్కనుంచి ఆడ నెమలి లేచిపోయింది. చూస్తే ఐదు గుడ్లు. మనవడు ఇంట్లో పొదిగిద్దాం, కరెంటు పెట్టె కొనిపెట్టమని కూచున్నాడు. ఎన్ని డిగ్రీల వేడి పెట్టాలో చెప్పు" అన్నారు. ఆ పిల్లవాడు ఫోనులో ఏదో వీడియో చూశాడట. అది అమెరికాలో తీసింది. అక్కడ నెమలి అడవి పక్షి కాదు, మన దగ్గర కోళ్లను పెంచినట్లు దొడ్లో పెంచుకునే పక్షి. గుడ్లు కొంటారు, అమ్ముతారు, యంత్రంలో పెట్టి 28 రోజులకు పిల్లలు తీస్తారు. అక్కడ అది తప్పు కాదు.

ఇక్కడ అలా కాదు. నెమలి 1963 నుంచి మన జాతీయ పక్షి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో అది మొదటి షెడ్యూలులో ఉన్నది. 2022లో చట్టాన్ని సవరించిన తర్వాత కూడా అక్కడే ఉన్నది. ఆ చట్టం లెక్కలో పక్షి అంటే దాని గుడ్డు కూడా. గూడు చెదరగొట్టినా, గుడ్లు పాడుచేసినా వేట కిందికే వస్తుంది. శిక్ష 3 ఏళ్లకు తగ్గకుండా 7 ఏళ్ల దాకా జైలు, 25,000 రూపాయలకు తగ్గని జరిమానా. పైగా మన పెన్షను సత్ప్రవర్తనకు లోబడినదని పెన్షన్ నిబంధనల్లోనే రాసి ఉన్నది. ముద్దుకోసం నెమలి పిల్లను తెచ్చుకుని, ముదిమిలో పెన్షను పోగొట్టుకోవడం ఎందుకు?

మీరు నవ్వుతున్నారు గానీ, నేను ఆయనతో వద్దన్నది చట్టానికి భయపడి మాత్రమే కాదు. చట్టం రాకముందే మా ఇంట్లో ఈ పని జరిగింది.

అది 1962. నాకు పదేళ్లు. నల్లమల అంచున మా ఊరు. తొలకరికి ముందు గట్టు మీద పొదలు కొడుతుంటే మా నాయనకు నాలుగు నెమలి గుడ్లు దొరికాయి. నాటుకోడి గుడ్డుకు రెట్టింపు పైనే ఉంటాయి, లేత గోధుమ రంగు. మా అవ్వ వాటిని పొదుగుతున్న పెట్ట కింద పెట్టింది. రోజుకొకటి చొప్పున గోడ మీద సున్నంతో గీతలు గీసేది. నెమలి గుడ్డు బరువు, కోడి దాన్ని సరిగా దొర్లించలేదు. అందుకని పొద్దున, మధ్యాహ్నం, రాత్రి అవ్వే చేత్తో తిప్పేది. కోడికి పొదగడం 21 రోజుల పని. నెమలి గుడ్డుకు 28 రోజులు కావాలి. మా పెట్ట 23వ రోజున విసిగి దిగిపోయింది. అవ్వ ఇంకో పెట్టను తెచ్చి కూర్చోబెట్టింది. చివరికి రెండు మురిగిపోయి, రెండు పిల్లలయ్యాయి. ఊరంతా వచ్చి చూశారు.

ఒక పిల్ల మూడో వారంలో రెట్టలు పసుపుపచ్చగా వేసి, రెక్కలు వాల్చి చనిపోయింది. ఉద్యోగంలో చేరిన తర్వాత తెలిసింది నాకు, అది బహుశా బ్లాక్‌హెడ్ అనే జబ్బు. కోడి కడుపులో ఉండే సన్నపాటి పురుగు గుడ్ల ద్వారా వస్తుంది. కోడికి పెద్దగా ఏమీ కాదు. అదే నేల మీద తిరిగే నెమలి పిల్లను, సీమకోడి పిల్లను చంపేస్తుంది. తల్లి అనుకున్న కోడే దానికి జబ్బు ఇచ్చిందన్నమాట.

రెండోది బతికింది. నా వెనకాలే తిరిగేది. నా చేతిలో జొన్నలు తినేది. నెమలి తల్లి పిల్లలకు సాయంత్రం చెట్టెక్కడం నేర్పుతుంది, కుక్కను చూస్తే కేక వేసి రెక్క విప్పడం నేర్పుతుంది. మా కోడి పెట్టకు అదేమీ తెలియదు కదా. కుక్కలు మా వాకిట్లోనే పడుకునేవి, పిల్ల వాటి మధ్యనే మేసేది. ఏడాది నిండేసరికి చేలల్లోకి వెళ్లడం మొదలుపెట్టింది. ఒకరోజు పక్క ఊరి కుక్కలు వచ్చాయి. చూసినవాళ్లు చెప్పారు, అది ఎగిరిపోలేదట, నిలబడి చూస్తూ ఉందట. ఆ రాత్రి అవ్వ అన్నం తినలేదు. "దానికి వెచ్చదనం ఇచ్చినాం గాని భయం ఇయ్యలేకపోతిమి" అన్నది. 60 ఏళ్లు దాటినా ఆ మాట నాకు గుర్తే.

మా అవ్వకు తెలిసిన ఈ విషయాన్నే పెద్ద శాస్త్రవేత్తలూ రాశారు. 1973లో నోబెల్ బహుమతి పొందిన కొన్రాడ్ లోరెంజ్ అనే ఆయన, వియన్నా నగరంలోని షోన్‌బ్రున్ జంతు ప్రదర్శనశాలలో ఒక తెల్ల నెమలి కథ చెప్పారు. తోటి పిల్లలు చలికి చనిపోతే, మిగిలిన ఆ ఒక్కదాన్ని వెచ్చగా ఉంటుందని పెద్ద తాబేళ్ల గదిలో పెంచారట. అది పెరిగి పెద్దదయ్యాక ఆడ నెమళ్ల వైపు చూడనే లేదు. తాబేళ్ల ముందే పింఛం విప్పి ఆడేదట! పుట్టిన కొత్తలో ఎవరి దగ్గర పెరిగితే వారే తనవారనుకుంటుంది పక్షి.

ఇక మన మిత్రుడి చేలో ఏం జరిగిందంటారా? గుడ్లు ముట్టవద్దన్నాను. అటవీ శాఖ వారికి ఫోను చేయించాను. వారూ అదే చెప్పారు: గూటి చుట్టూ కొంత మేర దున్నకుండా వదిలేయండి, కుక్కలను రానీయకండి అని. ఆయన తమ్ముడు నాలుగు కర్రలు పాతి, పది గజాల మేర వదిలేశాడు. సాయంత్రానికి తల్లి తిరిగివచ్చి కూర్చున్నది. మగ నెమలి ఈ పనిలో వేలు పెట్టదు, అంతా తల్లిదే భారం. మనవడు దూరం నుంచి రోజూ చూసేవాడు. 19వ రోజున వెళ్లేసరికి గూట్లో పెంకులే ఉన్నాయి. నెమలి పిల్లలు పుట్టిన కొద్ది సేపటికే తల్లి వెంట నడిచి వెళ్లిపోతాయి. నాలుగు రోజుల తర్వాత గట్టున తల్లి వెనక మూడు పిల్లలు కనబడ్డాయని నాకు ఫోను చేసింది తాతగారు కాదు, మనవడే.

అయినా ఆ పిల్లవాడి ఉత్సాహం వృథా పోకూడదు కదా. దసరా సెలవుల్లో నాటుకోడి గుడ్లు పొదిగించాం. మీ మనవళ్ల కోసం ఆ పద్ధతి చెబుతాను.

దుకాణంలో కొన్న ఫారం గుడ్లు పనికిరావు. అక్కడ పెట్టలతో పుంజులుండవు, ఆ గుడ్లు పిల్లలు కావు. పుంజు తిరిగే ఇంటి నుంచి, వారం లోపు పెట్టిన గుడ్లు తెచ్చుకోండి. కడగవద్దు. మొన దిగువకు ఉంచి చల్లని చోట పెట్టండి. పొదిగే పెట్ట దొరికితే పది, పన్నెండు గుడ్లు పెట్టి, మేత నీళ్లు దగ్గరుంచి వదిలేయండి. అంతకు మించిన యంత్రం లేదు.

కరెంటు పెట్టె అయితే, ఫ్యాను ఉన్నదానిలో 37.5 డిగ్రీల వేడి ఉండాలి. గిన్నెలో నీళ్లు పెట్టి తేమ 50, 55 శాతం ఉంచాలి. గుడ్డుకు ఒకవైపు పెన్సిలుతో గుర్తు పెట్టి, రోజుకు మూడు సార్లకు తగ్గకుండా తిప్పాలి. తిప్పకపోతే పిండం పెంకుకు అతుక్కుంటుంది. ఏడో రోజున చీకటి గదిలో టార్చి వెలుగులో చూస్తే సాలెపురుగు కాళ్లలా ఎర్రని నరాలు కనబడతాయి. కనబడని వాటిని తీసేయండి. 18వ రోజు నుంచి తిప్పడం మాని, తేమ 65, 70 శాతానికి పెంచండి. పిల్ల పెంకు కొడుతున్నప్పుడు జాలిపడి మూత తీయకండి, పెంకు ఒలవకండి. కడుపులో పచ్చసొన ఉంటుంది గనుక తొలి రోజు మేత లేకపోయినా దానికేమీ కాదు. వారం లోపల రాణిఖేత్ అనే కొక్కెర తెగులుకు టీకా చుక్కలు వేయించండి.

మా వాడి పెట్టెలో 12 గుడ్లకు 7 పిల్లలయ్యాయి. రెండుసార్లు కరెంటు పోయినా దుప్పటి కప్పి కాపాడాడు.

మిత్రులారా, మనమంతా పిల్లలను పెంచి, రెక్కలొచ్చాక పంపించినవాళ్లం. వెచ్చగా ఉంచడం ఒక్కటే పెంపకం కాదని మనకు తెలుసు. చేలో నెమలి గూడు కనబడితే పది గజాలు వదిలేయండి, వదిలేయమని రైతులకు చెప్పండి.