ఎయిర్ ఫ్రయ్యరులో పంది మాంసం టాకోలు

(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



1982వ సంవత్సరం డిసెంబరు 17వ తేదీన నకారా కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు వల్ల మనం ఏటా ఈ రోజున కలుసుకుంటున్నాం. పెన్షను ఎవరో దయతలచి ఇచ్చేది కాదని ఆ తీర్పు చెప్పింది. అందుచేత ఈ సభలో డి.ఆర్. బకాయిల గురించో, మెడికల్ బిల్లుల గురించో మాట్లాడటం ఆనవాయితీ. కాని కార్యదర్శి గారు నన్ను "అమెరికా అనుభవాలు" చెప్పమని ఆదేశించారు. నయాగరా జలపాతం గురించి నాకంటే ముందు వెళ్ళివచ్చిన మిత్రులు ఇదే వేదిక మీద చెప్పేశారు. నేను అక్కడ నేర్చుకున్నది ఒక వంట. అది కూడా పంది మాంసంతో. శాకాహారులైన సభ్యులు మన్నించాలి. వినలేమనుకున్నవారు ఈ పది నిమిషాలూ బయట కాఫీ తాగి రావచ్చు, నేనేమీ అనుకోను.

నా సంగతి మీలో చాలామందికి తెలుసు. ముప్పై నాలుగేళ్ళ సర్వీసులో ఎన్ని రకాల రిజిస్టర్లు రాశానో చెప్పగలను గాని, మా ఇంట్లో ఆవాల డబ్బా ఏ అరలో ఉంటుందో మా ఇంటావిడ పోయేదాకా నాకు తెలియదు. ఆమె పోయిన తర్వాత కొన్నాళ్ళు కర్రీ పాయింటు కూరలతో నెట్టుకొచ్చాను. 2023లో మావాడు వచ్చి డల్లాస్ దగ్గర ఇర్వింగుకు తీసుకుపోయాడు. విజిటర్ వీసా మీద ఆరు నెలలు. కొడుకూ కోడలూ ఉదయం ఎనిమిదింటికల్లా ఉద్యోగాలకు పోతారు. మనవడికి పధ్నాలుగేళ్ళు. నాలుగింటికి స్కూలు బస్సు దిగి, పుస్తకాల సంచీ సోఫాలో విసిరి, "తాతా, ఆకలి" అంటాడు. వాడికి వచ్చిన తెలుగులో ఆ రెండు మాటలే స్పష్టంగా ఉంటాయి. వాడికి ఏదైనా చేసి పెట్టాలనిపించేది. చెయ్యడం రాదు. ఇంట్లో నేనొక్కణ్ణే పనిలేనివాణ్ణి అనే భావం, రిటైరైన రోజున కూడా నాకు కలగలేదు.

వంటింటి గట్టు మీద బియ్యం డబ్బా అంత నల్లటి పెట్టె ఒకటి ఉండేది. అదే ఎయిర్ ఫ్రయ్యరు. ఫిలిప్స్ కంపెనీవారు 2010లో ఈ పేరుతో తెచ్చారు, ఇప్పుడు అందరూ తయారు చేస్తున్నారు. పేరులో వేపుడు ఉంది గాని అందులో వేగేది ఏమీ లేదు. పైన కాయిలు ఎర్రగా కాలుతుంది, దాని వెనక ఫ్యాను తిరుగుతుంది, కింద చిల్లుల బుట్ట ఉంటుంది. ఆ వడగాలి బుట్ట చుట్టూ గిరగిరా తిరిగి పదార్థం పైభాగాన్ని ఎండగట్టి కాలుస్తుంది. మన రోహిణి కార్తె వడగాలిని ఒక డబ్బాలో బంధించారనుకోండి. నేను మొదట అప్పడం వేశాను. ఫ్యాను గాలికి అది లేచి పైన కాయిలుకు అంటుకొని ఇల్లంతా పొగ. పొగ పసిగట్టే యంత్రం కుయ్యోమని అరిచింది. రెండోసారి మిరపకాయ బజ్జీ వేస్తే, జారు పిండి అంతా చిల్లుల్లోంచి కారి కింద అట్టు కట్టింది. బంగాళాదుంప ముక్కలు మాత్రం చక్కగా వచ్చాయి. అప్పటినుంచి మనవడికి నా మీద గురి కుదిరింది.

ఆ గురితోనే ఒకరోజు అడిగాడు: "తాతా, పోర్క్ టాకో చేస్తావా?"

టాకో అంటే మొక్కజొన్న రొట్టెలో కూర పెట్టి మడిచి తినేది. మెక్సికో వారి ఆహారం. టెక్సాస్ ఒకప్పుడు మెక్సికోలో భాగమే కనుక అక్కడ మనకు ఇడ్లీ దొరికినట్టు వీధి వీధినా దొరుకుతుంది. ఆ రాత్రి విషయం తెలిసి మావాడు "వద్దులే నాన్నా, వాడికి బయట కొనిస్తాం" అన్నాడు. కోడలు పిల్ల కూడా "మావయ్యగారూ, మీరు ముట్టుకోనక్కర్లేదు, శనివారం నేను చేస్తాను" అంది. నేను మాంసాహారినే. ఆదివారం మేక మాంసం తెచ్చి మా ఇంటావిడ చేత వండించుకున్నవాణ్ణే. అయినా పంది మాంసం మా ఇంటి గడప తొక్కలేదు. వాళ్ళు నా ఆచారం గురించి మొహమాటపడ్డారు. నాకు గుర్తుకొచ్చింది మాత్రం ఆచారం కాదు, 1979లో నేను రాసిన ఒక మెమో.

అప్పుడు నేను ఒక తాలూకా కార్యాలయంలో గుమాస్తాను. మా ఆఫీసులో ఒక అటెండరు ఉండేవాడు. నాకంటే అయిదారేళ్ళు పెద్ద. కావలసిన పాత ఫైలును రికార్డు గదిలో కళ్ళు మూసుకొని తీసి తెచ్చేవాడు. అతను నెలకోసారి, ఎప్పుడన్నా రెండుసార్లు, పంది కూర క్యారేజీలో తెచ్చుకొని వెనక వరండాలో ఒక మూల కూర్చొని తినేవాడు. ఒకసారి మూత తీస్తూ, ఎదురుగా వచ్చిన నన్ను చూసి, మర్యాదకు "తింటారా సార్" అన్నాడు. అంతే. ఆ మాట నేను సీటు దగ్గరకు వచ్చి నవ్వుతూ చెప్పాను. నవ్వు కాస్తా మధ్యాహ్నానికి ఫిర్యాదు అయింది. "అభ్యంతరకరమైన ఆహార పదార్థములు కార్యాలయ ఆవరణలోనికి తేరాదు" అని సర్క్యులరు పెట్టాలన్నారు. డ్రాఫ్టు నాది. "అభ్యంతరకరమైన" అన్న మాట కూడా నాదే. పై అధికారి అక్షరం దిద్దకుండా సంతకం చేస్తే ఆ సాయంత్రం గర్వపడ్డాను కూడా. ఆ సర్క్యులరును ప్యాడ్‌కు తగిలించుకొని సీటు సీటుకూ తిరిగి అందరి చేతా సంతకాలు పెట్టించుకొచ్చినవాడు అతనే. సంతకం చెయ్యడం తప్ప అతనికి చదువు రాదు. చివరికి నా దగ్గరకు వస్తే, ఆఖరి గడి చూపించి "నువ్వూ పెట్టు" అన్నాను. పెట్టాడు. ఆ తర్వాత చదివి వినిపించాను. మర్నాటి నుంచి మధ్యాహ్నం ఇంటికి నడిచి వెళ్ళి తిని వచ్చేవాడు. రాను పోను మూడు మైళ్ళు. కూర లేని రోజున కూడా అంతే.

మనవడు అడిగిన రాత్రి నాకు నిద్ర పట్టలేదని అంటే అబద్ధమవుతుంది. పట్టింది. కాని పొద్దున్నే లేచి మావాడితో "నేనే చేస్తాను, మాంసం కొనుక్కొద్దాం పద" అన్నాను.

మెక్సికో వారి మాంసం దుకాణానికి వెళ్ళాం. అక్కడ పంది జబ్బ మాంసం అడగాలి. తొడ మాంసంలో కొవ్వు తక్కువ, ఎండిపోతుంది. ఒక పౌను, అంటే సుమారు 450 గ్రాములు తెచ్చి, అరగంట ఫ్రీజర్లో ఉంచితే గట్టిపడి కత్తికి చక్కగా లొంగుతుంది. పావు అంగుళం మందాన ముక్కలు కొయ్యాలి. మసాలాకు గువాహిల్యో అనే ఎండుమిరపకాయలు మూడు, గింజలు తీసి వేణ్ణీళ్ళలో ఇరవై నిమిషాలు నానబెట్టాలి. చూడటానికి మన కాయల్లాగే ఉంటాయి గాని గుంటూరు కారం తిన్న నోటికి అది కారమే కాదు, రంగూ వాసనా మాత్రమే. వెల్లుల్లి మూడు రెబ్బలు, అర చెంచా జీలకర్ర, కాస్త ఒరెగానో ఆకు, రెండు చెంచాల వెనిగరు, ఉప్పు, ఎర్రటి అచియోతె ముద్ద కొంచెం. అచియోతె అంటే ఏమిటో అనుకున్నాను, తీరా చూస్తే మన వైపు జాఫ్రా గింజలంటారే, అవి. అన్నీ మెత్తగా నూరి, రెండు చెంచాల అనాస రసం కలిపి ముక్కలకు పట్టించాలి. అరగంట చాలు. అనాసలో మాంసాన్ని కరిగించే గుణం ఉంది. ఆ సంగతి తెలియక నేను మొదటిసారి రాత్రంతా నానబెట్టాను. పొద్దునకు ముక్కలు పిండి పిండిగా తయారయ్యాయి.

ఎయిర్ ఫ్రయ్యరును 400 డిగ్రీల ఫారెన్‌హీటుకు, అంటే మన 200 సెంటీగ్రేడుకు కాస్త పైన, ముందుగా మూడు నిమిషాలు వేడెక్కనివ్వాలి. ముక్కలు ఒకదాని మీద ఒకటి పడకుండా ఒకే వరుసగా పరచాలి. ఆరు నిమిషాలకు బుట్ట లాగి ఒకసారి కుదపాలి, మరో ఆరు నిమిషాలు. అంచులు నల్లబడి చిటపటలాడుతుంటే అయినట్టే. అయినా నాకు ధైర్యం చాలక మనవడి చేత థర్మామీటరు గుచ్చి చూపించుకున్నాను. లోపల 145 డిగ్రీల ఫారెన్‌హీటు దాటి, మూడు నిమిషాలు కదపకుండా ఉంచితే పంది మాంసం నిరపాయమని అమెరికా వ్యవసాయ శాఖ వారి నిబంధన. ఖీమాకైతే 160 ఉండాలి. నిబంధన ఉందన్న తర్వాత నాకు మనసు కుదుటపడింది. గుమాస్తా బుద్ధి.

మొక్కజొన్న రొట్టెలను పెనం మీద రెండు వైపులా అర నిమిషం చొప్పున కాల్చి, ముక్కలు పెట్టి, పైన సన్నగా తరిగిన పచ్చి ఉల్లిపాయ, కొత్తిమీర, అనాస ముక్కలు వేసి నిమ్మకాయ పిండాలి.  ఇది అసలు పద్ధతి కాదు, చెప్పాలి కదా. మెక్సికోలో నిలువు ఊచకు మాంసం పొరలు గుచ్చి, నిప్పు ముందు తిప్పుతూ కోసి ఇస్తారు. లెబనాన్ నుంచి వలస వెళ్ళినవారు తమ షవర్మా విద్యను అక్కడికి తీసుకెళితే, గొర్రె మాంసం పోయి పంది మాంసం, వాళ్ళ రొట్టె పోయి మొక్కజొన్న రొట్టె వచ్చాయి. ఆ పంది కూడా మెక్సికోది కాదు, స్పెయిన్ వాళ్ళు తెచ్చింది. ఉల్లీ, కొత్తిమీరా, జీలకర్రా సముద్రం దాటి పోయినవే. మిరపా, మొక్కజొన్నా, టమాటా అటునుంచి మనకు వచ్చినవి. మిరపకాయను పోర్చుగీసువారు తెచ్చేదాకా మన ఆవకాయ లేదు. ఎవరి ఆచారం ఎంత పాతదో ఈ లెక్కలో చూసుకోవాలి.

ఆ రొట్టె గురించి ఒక్కమాట. మొక్కజొన్నను వాళ్ళు సున్నపు నీళ్ళలో ఉడికించి, పొట్టు వదిలాక కడిగి రుబ్బుతారు. తాంబూలంలో వేసుకునే సున్నమే. దానివల్ల పిండి సాగుతుంది, అంతకంటే ముఖ్యంగా గింజలో ఉన్న నయాసిన్ అనే విటమిను ఒంటికి పడుతుంది. ఈ ఉపాయం లేకుండా మొక్కజొన్న మీదే బతికిన దేశాలలో పెల్లాగ్రా జబ్బు వచ్చింది. జొన్నలు తినే మన తెలంగాణ పేదలలో కనిపించిన పెల్లాగ్రా మీద డాక్టర్ గోపాలన్ గారు 1960 ప్రాంతంలో హైదరాబాదులో పరిశోధన చేశారు.

తిన్నాను. మొదటి ముద్దకు కొంచెం ఆగాను, రెండోదానికి ఆగలేదు. మనవడు ఆరు తిన్నాడు. నేను మూడు. ఆ తర్వాత శుక్రవారం శుక్రవారం అదే నా డ్యూటీ.

ఆరు నెలలు గడిచి వచ్చాక, 2024 ఫిబ్రవరిలో ఆ అటెండరు గారి ఊరు కనుక్కొని వెళ్ళాను. ఎనభై దాటాయి. మంచం మీద కూర్చొని ఉన్నారు. నేను "మీరు" అని మొదలుపెడితే, ఇబ్బందిగా కదిలి "ఏంది సార్, కొత్తగా" అన్నారు. టాకోల కథంతా చెప్పి, చివర మెమో సంగతి ఎత్తాను. ఆయన కాసేపు ఊరుకొని, "అందులో ఏముందో నాకు ముందే తెలుసు సార్. డఫేదారు చెప్పాడు" అన్నారు.

"తెలిసే తిప్పారా?"

"తిప్పడం నా డ్యూటీ గదా సార్."

నేను ఏదో అనబోతే అననివ్వలేదు. ఆయనకు వంట మీద అభ్యంతరం ఉంది. "కొవ్వంతా చిల్లుల్లోంచి కారిపోతే ఇంకేం రుచి సార్? అదే గదా అందులో ఉన్నది" అన్నారు. ఆదివారం రమ్మన్నారు. వెళ్ళాను. వాళ్ళ అమ్మాయి చింతచిగురు వేసి వండింది. రెండుసార్లు వడ్డించుకున్నాను. నా టాకో దాని ముందు పనికిరాదని ఇక్కడ ఒప్పుకుంటున్నాను.

ఎయిర్ ఫ్రయ్యరు కొనాలనుకునేవారు ఇక్కడే కొనండి. పిల్లలు అమెరికా నుంచి తెస్తామంటే వద్దనండి. అక్కడి కరెంటు 120 వోల్టులు, మన 230కి పెడితే ఒక్క క్షణంలో మాడిపోతుంది. శాకాహారులు ఇదే మసాలా పనీరుకో పుట్టగొడుగులకో పట్టించి ఎనిమిది నిమిషాలు ఉంచితే సరి.

ఈ విషయం సభలో చెప్పమంటారా అని ఆయన్ని అడిగాను. పేరు లేకుండా చెప్పమన్నారు. వయసు పైబడినవారికి రావలసిన అదనపు పెన్షను, పుట్టిన తేదీ రుజువు దగ్గర పేచీ వచ్చి ఆయనకు ఆగిపోయింది. దరఖాస్తు నేనే రాసి, సర్వీసు రిజిస్టరు మొదటి పేజీ నకలు జతపరిచి తెచ్చాను. చదివి వినిపించిన తర్వాతే ఆయన సంతకం పెట్టారు. సభానంతరం కార్యదర్శి గారికి అందజేస్తాను, సంఘం తరఫున పంపవలసిందిగా మనవి.